పసిబిడ్డ తిన్నదెంత?

కళ్లములో ధాన్యము రాశి పోసిన రైతును "ఎకరమునకు ఎంత పండినది?" అని అడిగిన, బస్తాల లెక్క వెంటనే చెప్పును. పాడిగేదె పూటకు ఎన్ని లీటర్లు ఇచ్చుచున్నదో, దాని దాణాలో తవుడెంత, చెక్క ఎంత, ఎండుగడ్డి ఎన్ని మోపులో కూడ చెప్పగలడు. అదే రైతును "మీ ఇంటి ఏడాదిన్నర బిడ్డ నిన్న ఎంత తిన్నది?" అని అడిగిన, "మూడు పూటలా తిన్నదండీ" అను జవాబు వచ్చును. ఆ జవాబులో అబద్ధము లేదు. అందులో కొలత కూడ లేదు.

కొలత లేనిచోట లోపము కంటికి కనపడదు. పైరునకు నత్రజని చాలనియెడల ఆకు పసుపుపచ్చగా మారును. రైతు చూచి గుర్తించును. బిడ్డకు తిండి కొద్దికొద్దిగా తగ్గుచున్నప్పుడు చాలకాలము ఏ గురుతును పైకి కనిపించదు. బిడ్డ ఆడుకొనుచునే యుండును. ఎత్తు పెరుగుట మాత్రము మందగించును. తోటి బిడ్డలును అదే ఎత్తున ఉన్నచో, అదియే సహజమని ఊరివారికి తోచును. మొదటి రెండు సంవత్సరములలో కలిగిన ఈ నష్టమును తరువాత పూడ్చుట కష్టము. కావున పేద కుటుంబములలో పసిబిడ్డలు నిజముగా ఎంత తినుచున్నారో కొలిచి తెలిసికొను విధానములను, అందు జరుగు పొరపాట్లను ఇచట వివరింతుము.

కుండ లెక్క వేరు, కంచము లెక్క వేరు

ఒక ఇంటికి నెలకు వచ్చిన బియ్యమును, పప్పును, నూనెను లెక్కించి ఇంటిలోని మనుష్యులకు పంచి చూచుట సులభమైన పద్ధతి. ఇందుకై మన దేశపు ఆహార సర్వేలలో "వినియోగ ప్రమాణము" అను లెక్కను చిరకాలము వాడిరి. తేలికపని చేయు పురుషుని తిండిని 1గా తీసికొని, మధ్యరకపు శ్రమచేయు పురుషునికి 1.2, అట్టి స్త్రీకి 0.9, ఇంటిపట్టున ఉండు స్త్రీకి 0.8, ఒకటి మొదలు మూడేండ్ల బిడ్డకు 0.4 అని కట్టుదురు.

ఊరిమొత్తమునకో, జిల్లాకో తిండిగింజలు ఎన్ని కావలయునో అంచనా వేయుటకు ఈ లెక్క పనికివచ్చును. బిడ్డ సంగతి తెలిసికొనుటకు ఇది చాలదు. బిడ్డ తన వంతు తిన్నదని ఇందు ముందే అనుకొనుట జరుగుచున్నది. ఆ వంతు బిడ్డ కడుపులో పడినదా లేదా అనునదే తేలవలసిన విషయము. తల్లి తెల్లవారగనే కలుపుతీతకు పోయి సాయంకాలము తిరిగివచ్చు ఇంటిలో బిడ్డను అవ్వయో, పదేండ్ల అక్కయో చూచుచుండును. ఇంటిలో అన్నము ఉండవచ్చును. ఓపికతో ముద్దలు పెట్టు చేయి లేకపోవచ్చును.

ఇంటికి తెచ్చుకొను సరకు విషయమును అంతే. తెలంగాణలో అంగనవాడీ కేంద్రములనుండి ఏడు నెలలు మొదలు మూడేండ్లలోపు బిడ్డలకు బాలామృతము పొడిని 2.5 కిలోల పొట్లములుగా ఇచ్చు పద్ధతి కలదు. రిజిస్టరులో పొట్లము ఇచ్చినట్లు సంతకము పడును. ఆ పొడిని ఇంటిలోని పెద్ద పిల్లలును పంచుకొనిరేమో రిజిస్టరు చెప్పదు. ఇచ్చినది ఒక లెక్క, తిన్నది మరియొక లెక్క.

ఒక కొలత మార్చిన నిర్ణయము

బిడ్డ తిండిని విడిగా కొలిచిన ప్రయోజనమేమి అని అడుగువారికి మన హైదరాబాదు పరిసర గ్రామములలో జరిగిన పనియే సమాధానము.

1950, 1960 దశకములలో పేదదేశముల బిడ్డలు కృశించుటకు ముఖ్యకారణము మాంసకృత్తుల కొరతయేనని ప్రపంచమున చాలమంది నిపుణులు తలచిరి. ఖరీదైన మాంసకృత్తుల పొడులు తయారుచేసి పంచవలెనను ఆలోచనలు సాగినవి. 1918లో కూనూరులో ఆరంభమై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల, అనగా నేటి జాతీయ పోషకాహార సంస్థ, ఈ ప్రశ్నను చేతపట్టినది. పల్లెలలో బిడ్డలు తినుచున్న ఆహారమును లెక్కగట్టి చూడగా వేరొక సంగతి బయటపడినది. అన్నము, పప్పు కలిసిన మామూలు తిండిలో మాంసకృత్తుల పాలు మరీ తక్కువగా లేదు. ఆ తిండియే బిడ్డకు కడుపునిండ చాలుటలేదు. మొదటి కొరత శక్తినిచ్చు ఆహారము కొరత. ఆ శక్తిని కొలుచు ప్రమాణమునే కేలరీ అందుము.

డాక్టరు సి. గోపాలన్, ఆయన సహచరులు దీనిని పరీక్షించిరి. హైదరాబాదు సమీప గ్రామములలో ఒకటి మొదలు ఐదేండ్ల బిడ్డలకు దినమునకు 310 కేలరీలు, 3 గ్రాముల మాంసకృత్తులు మాత్రమే గల అదనపు ఆహారమును 14 నెలలు ఇచ్చిరి. ఆ ఆహారము పొందిన బిడ్డలు పొందని బిడ్డలకంటె ఎత్తులోను, బరువులోను మెరుగుగా పెరిగిరి. ఈ ఫలితములు 1973లో ప్రకటింపబడినవి. 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము ఆరంభమైనప్పుడు బిడ్డకు దినమునకు 300 కేలరీల అదనపు ఆహారము అను ప్రమాణమును పెట్టుకొనిరి. 2009లో దానిని 500 కేలరీలకు, 12 మొదలు 15 గ్రాముల మాంసకృత్తులకు పెంచిరి.

బిడ్డల ఆహారలోపమునకు మూలము శక్తినిచ్చు తిండి చాలకపోవుటయేనని గట్టిగా వాదించినవారిలో డాక్టరు పి. వి. సుఖాత్మే ఒకరు. పంటకోత ప్రయోగముల నమూనా పద్ధతిని 1940 దశకమున మన దేశములో తీర్చిదిద్దినవారిలోను ఆయన ఒకరు. పొలములో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిని కొలిచి, కోసి, నూర్చి, తూచి దిగుబడి లెక్కగట్టుట గ్రామాధికారులకు పరిచితమైన పనియే. గట్టుమీద నిలిచి చూపుతో చెప్పిన అంచనాకును, ఈ తూకమునకును ఎంత తేడా యుండునో వారెరుగుదురు. బిడ్డ తిండి విషయములోను ఆ తేడాయే కలదు.

తూకపు పద్ధతి

కొలతలలో మిక్కిలి నమ్మదగినది తూకము. కొలుచువారు తెల్లవారకముందే ఆ ఇంటికి చేరవలెను. పొయ్యిమీద పెట్టకముందు బియ్యము, పప్పు, కూర, నూనె వేర్వేరుగా తూచవలెను. వండిన పిమ్మట గిన్నె బరువు తీసివేసి మొత్తము అన్నమును తూచవలెను. బిడ్డకు వడ్డించినది, బిడ్డ వదలివేసినది తూచవలెను. వడ్డించిన దానినుండి వదలినది తీసివేసిన, తిన్నది తేలును.

వండిన అన్నములో నీరు చేరియుండును. కనుక దానిని మరల బియ్యము లెక్కకు మార్చవలెను. 600 గ్రాముల బియ్యము వండగా 1,800 గ్రాముల అన్నమైనచో, బిడ్డ తిన్న ప్రతి 3 గ్రాముల అన్నమునకు 1 గ్రాము బియ్యము. బియ్యపు రకమును, పోసిన నీటిని బట్టి ఈ నిష్పత్తి మారును. అందుచే ఒక ఇంటి నిష్పత్తిని మరియొక ఇంటికి వాడరాదు. ఇట్లు తేలిన బరువును ఆహారపదార్థముల పోషక విలువల పట్టికతో సరిచూడవలెను. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలలో మన దేశపు ఆహారపదార్థములు 528 కలవు.

ఈ పద్ధతిలో చిక్కులు లేకపోలేదు. పగలంతయు ఒక ఇంటిలోనే కూర్చుండవలెను. క్రొత్తవారు తక్కెడతో వంటింటి ముందు కూర్చున్నచో, ఆ దినము ఇంటివారు బిడ్డకు ఒక గరిటె ఎక్కువ పెట్టుట మనుష్య స్వభావము. అందుచే మొదటి దినమున తూచకుండ ఊరక పరిచయము చేసికొని, రెండవ దినమునుండి లెక్క వ్రాసికొనుట మంచిది.

24 గంటల జ్ఞాపక పద్ధతి

ఎక్కువ ఇండ్లను చూడవలసినప్పుడు, నిన్న తెల్లవారినది మొదలు నేటి తెల్లవారువరకు బిడ్డ తిన్నదంతయు అడిగి వ్రాసికొందురు. జాతీయ పోషకాహార పర్యవేక్షక సంస్థ 1972లో ఏర్పడి 2015లో ముగియువరకు పలు రాష్ట్రముల పల్లెలలో ఈ పద్ధతిని విరివిగా వాడినది. ఇందులో అడుగు నేర్పే ముఖ్యము. ఒక ఇంటిలో అంగనవాడీ కార్యకర్తకును, బిడ్డ అవ్వకును ఇట్టి మాటలు జరుగవచ్చును:

"నిన్న పొద్దున మనవడు నిద్ర లేచాక ముందుగా నోట్లో ఏం పడింది పెద్దమ్మా?"

"తల్లి పాలు తాగాడమ్మా. తర్వాత నేనే కాస్త అన్నం పెట్టాను."

"ఏ గిన్నెలో పెట్టావు? ఎంతవరకు ఉందో చూపించు."

"ఇదిగో, ఈ చిన్న గిన్నెలో. ఇంతవరకు."

"అంతా తిన్నాడా?"

"ఎక్కడమ్మా! నాలుగు ముద్దలు తిని లేచిపోయాడు. మిగిలింది కోళ్లకేశాను."

"మళ్లీ అన్నం పెట్టేదాకా మధ్యలో ఏమీ తినలేదా?"

"వాళ్ల తాత కొట్లో రెండు బిస్కట్లు కొనిచ్చాడు. అది కూడా చెప్పాలా?"

"అదే చెప్పాలి పెద్దమ్మా."

"ఒక గిన్నె అన్నము" అని వ్రాసికొని లేచిపోయినయెడల రెండు తప్పులు జరిగియుండెడివి. కోళ్లకు పోయిన అన్నము బిడ్డ లెక్కలో చేరెడిది. బిడ్డ తిన్న బిస్కట్లు లెక్కకు రాకపోయెడివి. కావున మొదట దినమంతయు వరుసగా చెప్పించి, రెండవసారి ప్రతి పూట వివరములు అడిగి, మూడవసారి మొత్తము చదివి వినిపించవలెను. చదివి వినిపించునప్పుడు మరచినవి గుర్తునకు వచ్చును.

పరిమాణమునకు ఆ ఇంటి గిన్నెనే వాడవలెను. సోల, గిద్దె, గరిటె, గిన్నె అను మాటలు ఊరూరికి, ఇంటింటికి వేరు పరిమాణములు. అవ్వ చూపిన గురుతువరకు అన్నము వేసి ఒకసారి తూచిన, ఆ ఇంటికి ఆ గిన్నెయే కొలపాత్ర యగును.

ఒక దినపు లెక్క

ఊహకొరకు ఒక కూలి కుటుంబమును తీసికొందము. తండ్రి, తల్లి, అవ్వ, పద్దెనిమిది నెలల బిడ్డ. ఆ ఇంట దినమునకు 1,200 గ్రాముల బియ్యము వండుదురు. వినియోగ ప్రమాణములు 1.2, 0.9, 0.8, 0.4 కలిపిన 3.3 అగును. ఆ లెక్కన బిడ్డ వంతు సుమారు 145 గ్రాముల బియ్యము.

ఇప్పుడు తూకము చూతము. ఉదయము బిడ్డ 60 గ్రాముల అన్నము తిన్నది. మధ్యాహ్నము 120 గ్రాములు వడ్డింపగా 30 గ్రాములు వదలి 90 గ్రాములు తిన్నది. రాత్రి 75 గ్రాములు. మొత్తము 225 గ్రాముల అన్నము, అనగా 75 గ్రాముల బియ్యము. కాగితముమీద ఉన్న వంతులో ఇది ఇంచుమించు సగము మాత్రమే.

75 గ్రాముల బియ్యమునుండి సుమారు 267 కేలరీలు వచ్చును. పప్పుకట్టులో బిడ్డకు చేరిన కందిపప్పు 10 గ్రాములకు 33, రెండు బిస్కట్లకు 45 కలిపిన మొత్తము 345. తల్లిపాలు త్రాగుచున్న ఒకటి మొదలు రెండేండ్లలోపు బిడ్డకు పాలుగాక ఇతర ఆహారమునుండి దినమునకు సుమారు 550 కేలరీలు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లోటు 205 కేలరీలు. మూడు పూటలా తిన్న బిడ్డకే ఇంత లోటు.

లోటు ఎంతో తెలిసిన పిమ్మట పూడ్చు దారి కనపడును. రెండు పూటల అన్నములో ఒక్కొక్క చెంచా నూనె కలిపిన 90 కేలరీలు చేరును. 20 గ్రాముల వేయించిన వేరుశనగ పొడి కలిపిన సుమారు 105 చేరును. కడుపులో చోటు పెద్దగా ఆక్రమింపకయే లోటు ఇంచుమించు తీరును. పసిబిడ్డలకు పలుకులు అట్లే ఇచ్చిన గొంతున అడ్డుపడు ప్రమాదము కలదు. మెత్తని పొడిగానే కలుపవలెను. బూజుపట్టిన, ముడుచుకొనిన కాయలలో విషపదార్థము ఉండవచ్చును గాన వానిని ఏరి పారవేయవలెను.

పొరపాట్లు జరుగు తావులు

నీరు. గంజి గిన్నెనిండ ఉన్నంత మాత్రమున బిడ్డ కడుపు నిండినట్లు కాదు. బిడ్డ బరువులో కిలో ఒక్కంటికి సుమారు 30 గ్రాముల చొప్పున మాత్రమే దాని జీర్ణకోశమున చోటుండును. 8 కిలోల బిడ్డ ఒక పూటకు 240 గ్రాములకు మించి తినలేదు. 100 గ్రాములలో 5 గ్రాముల బియ్యప్పిండి మాత్రమే గల పలుచని గంజిని మూడు పూటలు నిండుగా త్రాగినను ఇంచుమించు 130 కేలరీలే అందును. తల్లిపాలు త్రాగు పదినెలల బిడ్డకు ఇతర ఆహారమునుండి కావలసినవి సుమారు 300. కావున "ఎంత త్రాగినది?" అను ప్రశ్నతోపాటు "ఎంత చిక్కగా కాచితివి?" అనియు అడుగవలెను. చెంచానుండి జారిపోకుండ నిలుచునంత చిక్కగా ఉండుట మంచిది.

తల్లిపాలు. బిడ్డ ఎన్నిసార్లు త్రాగినదో తల్లి చెప్పగలదు. ఎన్ని పాలు త్రాగినదో ఎవరును చెప్పలేరు. పరిశోధకులు పాలు త్రాగుటకు ముందును, తరువాతను బిడ్డను తూచి తేడా కట్టుదురు. మరియొక పద్ధతిలో తల్లికి కొలిచిన కొద్దిపాటి భారజలమును త్రాగించి, రెండు వారములపాటు తల్లీబిడ్డల లాలాజలమును పరీక్షించి, బిడ్డకు చేరిన పాలను లెక్కగట్టుదురు. గ్రామమున ఇవి సాధ్యములు కావు గాన, పాలు మానలేదని మాత్రము వ్రాసికొనిన చాలును.

దినము. పండుగనాడు, సంతనాడు, బిడ్డకు జ్వరము వచ్చిననాడు తిన్న తిండి మామూలు తిండి కాదు. ఒక్క దినపు లెక్కతో ఒక బిడ్డను గూర్చి తీర్పు చెప్పరాదు. మధ్యలో దినములు విడిచి రెండుమూడు మార్లు చూడవలెను. నాట్లు, కోతల కాలమున తల్లికి తీరిక తక్కువ. పనులులేని నెలలలో గాదె ఖాళీ. ఈ రెండు కాలములలోను కొలిచిననే నిజము తెలియును.

మొగమాటము. అడుగువారు ప్రభుత్వోద్యోగి యైనచో "గ్రుడ్డు పెట్టితిమి, పాలు పోసితిమి" అని వారికి నచ్చు జవాబు చెప్పుట సహజము. సరకు ఆగిపోవునేమోయని జంకుటయు కద్దు. "గ్రుడ్డు పెట్టలేదా?" అని నిలదీసి అడుగరాదు. "తరువాత ఏమి తిన్నాడు?" అని మాత్రమే అడుగుచు పోవలెను. తప్పెన్నుటకు రాలేదని ఇంటివారికి నమ్మకము కలిగిననే లెక్క సరిగా వచ్చును.

తక్కెడ లేనిచోట రకముల లెక్క

అందరును తూచలేరు. అట్టిచోట బిడ్డ నిన్న ఎన్ని రకముల ఆహారము తిన్నదో లెక్కించు సులభ పద్ధతి కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2021లో ప్రకటించిన క్రమము ప్రకారము ఆహారములు ఎనిమిది వర్గములు: తల్లిపాలు, ధాన్యములు, దుంపలు, పప్పులు, గింజలు, పాలు, పెరుగు, మాంసము, చేపలు, గ్రుడ్లు, ఆకుకూరలు, మామిడి, బొప్పాయివంటి విటమిన్ ఎ గల కూరలు, పండ్లు, ఇతర కూరలు, పండ్లు. ఆరు నెలలు మొదలు రెండేండ్లలోపు బిడ్డకు దినమునకు వీనిలో కనీసము ఐదు అందవలెను. తాలింపులో వేసిన కరివేపాకును ఆకుకూరగా లెక్కింపరాదు.

దీనికి తోడు ఎన్ని పూటలు తిన్నదో చూడవలెను. తల్లిపాలు త్రాగు బిడ్డకు ఆరు మొదలు ఎనిమిది నెలలలో కనీసము రెండు పూటలు, తొమ్మిది నెలలనుండి మూడు పూటలు. పాలు మానిన బిడ్డకు నాలుగు మార్లు. రకములు, పూటలు రెండింటిని కలిపి చూచిన 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ వయస్సు బిడ్డలలో తగినంత ఆహారము పొందినవారు దేశము మొత్తముమీద సుమారు 11 శాతమే. 

ఈ పద్ధతి రకమును చెప్పును, పరిమాణమును చెప్పదు. ఒక ముద్ద పప్పు తిన్నను, గిన్నెడు తిన్నను ఒకటే గురుతు పడును. అందుచే దీనిని తూకమునకు బదులుగాగాక, తూకము సాధ్యపడనిచోట మొదటి మెట్టుగా వాడవలెను.

గ్రామమున చేయదగినది

రైతు సోదరులు తమ ఇంట ఈ పని నేడే చేయవచ్చును. బిడ్డకు విడిగా ఒక గిన్నె పెట్టుడు. అమ్మ కంచములోనుండి తిన్న తిండికి లెక్క దొరకదు. ఆ గిన్నె నిండ ఎంత అన్నము పట్టునో కిరాణా దుకాణపు కాటామీద ఒకసారి తూచుకొనుడు. మూడు దినములు ఏ పూటకు ఎంత పెట్టినది, ఎంత వదలినది వ్రాసి చూడుడు. అంగనవాడీ కేంద్రమునకు నెలనెలా పోయి బిడ్డను తూయించుడు. తిండి లెక్కకు బరువే సాక్షి. ఆరునెలలు దాటి ఐదేండ్లలోపు బిడ్డకు భుజమునకు, మోచేతికి నడుమ చేతి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకంటె తక్కువయున్నచో జాగుచేయక వైద్యునికి చూపవలెను.

గ్రామాధికారులు తమ ఊరి లెక్క పంపునప్పుడు సరకు ఎన్ని ఇండ్లకు ముట్టినదో వ్రాయుటతో తృప్తిపడక, కొన్ని ఇండ్లనైనను ఎన్నుకొని బిడ్డ తిన్నదెంతో చూడవలెను. దారిప్రక్కన, దగ్గరగా ఉన్న ఇండ్లనే చూచిన లెక్క తప్పును. పంటకోతకు సర్వే నంబరును చీటి తీసినట్లే, ఊరి చివర ఇంటికిని, వలసకూలీల గుడిసెకును వంతు వచ్చునట్లు చీటి తీసి ఎన్నుకొనవలెను.

దిగుబడి తగ్గినదని తూకమున తెలిసిన రైతు విత్తనమునో, ఎరువునో, నీటినో సరిచూచుకొనును. మూడు పూటలా తిన్న బిడ్డకు 205 కేలరీలు తక్కువైనవని తెలిసిన తల్లి రెండు చెంచాల నూనెతో, గుప్పెడు వేరుశనగ పొడితో ఆ లోటు తీర్చుకొనగలదు. అది తెలియవలెనన్న, బిడ్డ గిన్నెను ముందు ఒకసారి తూచవలెను.